మరపు వ్యాధిగల వృద్ధులకు పాట చేయు మేలు



గ్రంథాలయమనగా ఊరి జ్ఞాపకము. ఒకరి తలలో ఇమిడినది మరియొకరికి అందవలెనని, ఒక తరము తెలిసికొన్నది రాబోవు తరమునకు నిలువవలెనని పుస్తకములను కూర్చి బీరువాలలో భద్రపరతురు. జల్‌పల్లి గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చేసిన పని ఇదియే. రజతోత్సవ సమయమున ఆ జ్ఞాపకమునకే సంబంధించిన ఒక కష్టమును గూర్చియు, ఆ కష్టమున కొంత ఊరట నిచ్చు ఒక సాధనమును గూర్చియు ముచ్చటించుట సముచితము. ఆ కష్టము వృద్ధులకు వచ్చు మరపు వ్యాధి. ఆ సాధనము పాట.

ఒక ఇంటిని ఊహింపుడు. ఎనుబది యేండ్ల ముసలమ్మ పగలంతయు అరుగుమీద కూర్చుండి వచ్చిపోవువారిని చూచుచుండును. ప్రొద్దు వాలగనే ఆమె లేచి, కొంగు సవరించుకొని, గుమ్మము వైపు నడచును. "నేను మా ఇంటికి పోత" అనును. "అత్తమ్మా, ఇదే మన ఇల్లు గదా" అని కోడలు నచ్చజెప్పును. "నువ్వెవ్వలే నన్ను ఆపెటందుకు?" అని ముసలమ్మ ప్రశ్న. మాట పెరిగినకొలది కలత పెరుగును. చేయి పట్టుకొన్నచో గీరును, కేకలు వేయును. కొడుకు పొలమునుండి వచ్చి గద్దించును. ఇరుగుపొరుగువారిలో ఒకరు గాలి సోకినదందురు, మరియొకరు చాదస్తమందురు. ఆ రాత్రి ఇంట ఎవ్వరికిని నిద్ర పట్టదు. తెల్లవారిన పిదప ముసలమ్మకు ఇందేదియు గురుతుండదు. కోడలి చేతిమీద మాత్రము గీరలు మిగులును. ఇట్టి ఇండ్లు ఇబ్రహీంపట్నము చుట్టుపట్ల పల్లెలలోను కలవు, హైదరాబాదు మేడలలోను కలవు.

ఆ ముసలమ్మకు వచ్చినది గాలియు కాదు, చాదస్తమును కాదు. మెదడునకు వచ్చిన జబ్బు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన 1901వ సంవత్సరమందే, జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరపు ఆసుపత్రిలో ఆగుస్తె డేటర్ అను ఏబదియొక్క యేండ్ల స్త్రీని చేర్చిరి. తన పేరు వ్రాయుమన్నచో ఆమె నడుమనే ఆగిపోయెడిది. అలోయిస్ అల్జైమర్ అను వైద్యుడు ఆమె మాటలను, చేష్టలను శ్రద్ధగా వ్రాసికొనెను. 1906లో ఆమె మరణించిన పిదప మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, నరముల కణములలో చిక్కుపడిన పోగులను, కణముల నడుమ పేరుకొన్న మచ్చలను కనుగొనెను. 1910లో ఆ వ్యాధికి ఆయన పేరే పెట్టిరి. అల్జైమర్ వ్యాధి గాక, మెదడులో రక్తనాళములు మూసుకొనిపోవుట మొదలగు ఇతర కారణములచేతను జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట క్షీణింపవచ్చును. ఇట్టి క్షీణత నంతటిని కలిపి వైద్యులు డిమెన్షియా అందురు. తెలుగున చిత్తవైకల్యము అని వ్రాయుచున్నారు.

ఇది పట్టణపు జబ్బని పల్లెవారు తలపరాదు. 2023లో ప్రకటితమైన దేశవ్యాప్త పరిశోధన ప్రకారము భారతదేశమున అరువది యేండ్లు దాటిన వారిలో నూటికి సుమారు 7.4 మందికి చిత్తవైకల్యము కలదు. సంఖ్య చెప్పవలెనన్న సుమారు 88 లక్షల మంది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఇది హెచ్చుగా కన్పడినది.

ఈ వ్యాధిని గూర్చి ప్రపంచ ప్రసిద్ధమైన ఒక పరిశోధన హైదరాబాదులోనే జరిగినది. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు, అనగా నిమ్స్ ఆసుపత్రికి, చికిత్సకై వచ్చిన 648 మంది చిత్తవైకల్య రోగుల వివరములను డాక్టరు సువర్ణ అల్లాడియు, వారి సహచరులును పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒకే భాష తెలిసినవారి కంటె రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడసూపినదని వారు కనుగొనిరి. బడిముఖము చూడనివారిలో సైతము ఈ వ్యత్యాసము కన్పడినది. ఇంట తెలుగు, అంగడిలో ఉర్దూ మాటలాడు ఈ ప్రాంతపు వారికి ఇది వినదగిన సంగతి. పలక పట్టని వారి మనస్సునందును బ్రదుకంతయు కూడబెట్టుకొన్న ధనము కలదనియు, ఆ ధనము ముసలితనమున అక్కరకు వచ్చుననియు దీనివలన తేలుచున్నది. ఆ ధనములో మాటతోపాటు పాటయు చేరినది. మాట జారిపోయిన తర్వాతను పాట చాలకాలము నిలుచును.

అది ఎట్లు నిలుచును? అల్జైమర్ వ్యాధి సాధారణముగా మెదడులో క్రొత్త జ్ఞాపకములను కూర్చు భాగమును ముందుగా దెబ్బ తీయును. కావుననే ప్రొద్దుట తిన్న అన్నము మధ్యాహ్నమునకు గురుతుండదు. పసితనమున ఈదిన చెరువు మాత్రము గురుతుండును. జర్మనీలోని లైప్‌జిగ్ నగర శాస్త్రజ్ఞులు చాలకాలముగా ఎరిగిన పాటలను విన్నపుడు మెదడులో ఏయే భాగములు మేల్కొనునో పరిశీలించి, ఆ భాగములు అల్జైమర్ వ్యాధిలో మిగిలినవాటికంటె తక్కువగా చెడుచున్నవని 2015లో ప్రకటించిరి. వేయిసారులు పాడిన పాట, నడక వలె, రోలు దంచుట వలె, శరీరమున కలసిపోవును. అందుచేత కొడుకు పేరు మరచిన తల్లి పాట అందుకొని చరణము చరణమంతయు పాడుట వింతగా తోచినను, దానికి కారణము లేకపోలేదు.

పాటను వైద్యమునకు సాయముగా వాడుట క్రొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుల ఆసుపత్రులలో సంగీతము చేసిన మేలును చూచి, అమెరికాలో సంగీత చికిత్సను ఒక విద్యగా నేర్ప నారంభించిరి. 1950లో ఆ విద్య నెరిగినవారి సంఘము వెలసినది. తెలుగునాట, తమిళనాట అంతకు ముందునుండియు కథలు కలవు. ముత్తుస్వామి దీక్షితులు శిష్యుని కడుపునొప్పి మాన్పుటకై గురుగ్రహమును గూర్చి కీర్తన రచించినారని చెప్పుకొందురు. భక్తితో వినదగిన కథయే. అయితే ఈ రాగము ఈ రోగమును కుదుర్చునని పట్టిక వేసి చెప్పువారి మాటను మాత్రము ఆచితూచి వినవలెను. చిత్తవైకల్యమును ఏ రాగమును కుదుర్చలేదు. చెడిన కణములను పాట తిరిగి మొలిపింపజాలదు. పాట చేయగలిగినది మరియొకటి: కలత చెందిన మనస్సునకు కొంతసేపు తెలిసిన తావు చూపుట.

ఈ విషయమున శాస్త్రజ్ఞులు ఏమి కనుగొనిరి? అమెరికాలో లిండా గెర్డ్‌నర్ అను పరిశోధకురాలు 2000వ సంవత్సరమున ప్రకటించిన పరీక్షలో 39 మంది వృద్ధులకు రెండు విధముల సంగీతము వినిపించిరి. ఒకటి అందరికిని శాంతినిచ్చునని పేరుపడిన శాస్త్రీయ సంగీతము. రెండవది ఆయా మనిషి యౌవనమునుండి ఇష్టపడిన పాట. రెండవదానివలననే కలత హెచ్చుగా తగ్గినది. డెన్మార్కు, నార్వే దేశములలో 42 మందికి ఆరువారములపాటు ఒక్కొక్కరికి వేరుగా సంగీత చికిత్స చేసి 2013లో ఫలితము ప్రకటించిరి. సంగీతము సాగిన వారములలో ఇతరులను ఇబ్బందిపెట్టు కలత తగ్గినది. సంగీతము లేని కాలమున మనస్సునకు వాడు మందుల మోతాదు పెంపవలసివచ్చుట హెచ్చుగా జరిగినది.

మరియొక ప్రక్కను దాచరాదు. ఇట్టి 22 పరీక్షలను కలిపి తూచిన సమీక్ష ఒకటి 2018లో వెలువడినది. అందు దిగులు తగ్గుటకు సంగీతము మేలు చేయుచున్నదని తేలినది. కలత విషయమున మాత్రము సగటున చెప్పుకోదగినంత మేలు కన్పడలేదు. ఈ రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన వివేకులకు తోచునదేమన, పాట దివ్యౌషధమని చాటరాదు; పనికిరాదని త్రోసిపుచ్చను రాదు. గుంపుగా కూర్చుండబెట్టి ఏదో ఒక పాట వినిపించుట వేరు, ఒక మనిషికి ఆ మనిషి పాటను వేళ యెరిగి వినిపించుట వేరు. కలత తగ్గునని పూచీ లేకున్నను, తగినవిధముగా చేసినచో కీడు స్వల్పము, ఖర్చు లేదు.

మందుల మాట అట్టిది కాదు. మతిభ్రమణమునకు వాడు మందులను చిత్తవైకల్యముగల వృద్ధులకు ఇచ్చుటవలన మరణములు హెచ్చుచున్నవని అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ 2005లో హెచ్చరించినది. సుమారు పదివారములు సాగిన పరీక్షలలో మందు తీసికొన్న వారిలో నూటికి 4.5 మంది, ఉత్తుత్తి మాత్ర తీసికొన్నవారిలో 2.6 మంది మరణించిరి. ఒక్కొక్కప్పుడు ఆ మందులు తప్పనిసరి కావచ్చును. వైద్యుడు వ్రాసినదానిని ఇంటివారు తమంత తాము మాన్పరాదు. కాని నిద్ర పట్టుటలేదని అంగడిలో మాత్ర కొని మ్రింగించుట, మంచమునకు కట్టివేయుట, గదిలో పెట్టి తాళము వేయుట మాత్రము చేయరానివి.

పాటకంటె ముందు చేయవలసిన పని యొకటి కలదు. కలతకు కారణము వెదకవలెను. చిత్తవైకల్యముగల మనిషి నొప్పిని నొప్పి అని చెప్పలేదు. దాహమును దాహమని చెప్పలేదు. కేకయే ఆమె మాట. పంటినొప్పి, మలబద్ధకము, మూత్రములో మంట, ఆకలి, వినబడని చెవి, మసకబారిన కన్ను, ఇరుకైన రవిక, ఇవి ఒక్కొక్కటిగా చూడవలెను. నిన్నటివరకు నెమ్మదిగా ఉన్న వృద్ధుడు నేడు హఠాత్తుగా తికమకపడినచో అది జ్వరమో, చీము పట్టుటయో, మందు వికటించుటయో కావచ్చును. అట్టివేళ పాటతో ప్రొద్దుపుచ్చక వైద్యుని కడకు తీసికొనిపోవలెను.

ఇక ఏ పాట? ఎనుబది దాటిన జల్‌పల్లి ముసలమ్మకు వీణకచేరి ఏల? ఆమె పెరిగినది బతుకమ్మ చుట్టు చప్పట్లు కొట్టుచు. నాట్లు వేయుచు, కలుపు తీయుచు, విసురురాయి త్రిప్పుచు. ముసలాయనకు మోట కొట్టునాటి పాట ఉండవచ్చును. రామాలయమున శనివారపు భజనలో పాడిన రామదాసు కీర్తనయో, రాకమచర్ల వేంకటదాసు కీర్తనయో, మన్యంకొండ హనుమద్దాసు కీర్తనయో ఉండవచ్చును. ఒకరికి ఒగ్గుకథలోని ఎల్లమ్మ, మరియొకరికి మొహర్రము పీరీలనాటి డప్పు. ముస్లిము ఇండ్లలో నానమ్మకు పెండ్లిండ్లలో పాడిన ఢోలక్ గీతములు ఉండును. 1950లో దక్కను రేడియో ఆకాశవాణిలో చేరిన పిదప పెరిగినవారికి, 1957లో వచ్చిన మాయాబజారు మొదలు 1974లో ఘంటసాల కన్నుమూయువరకు వెలువడిన సినిమా పాటలు ప్రాణము. సాధారణముగా పదియవ యేటినుండి ముప్పదియవ యేటివరకు విన్న పాట లోతుగా నాటుకొనును. కావున పాట నిర్ణయించునపుడు పాడువారి ఇష్టము చూడక, వినువారు ఆ వయస్సున విన్నదేదో వెదకవలెను.

పాట వినిపించుటకు పద్ధతి కలదు. కలత ఏ వేళకు మొదలగునో నాలుగైదు దినములు గమనించి కాగితముపై వ్రాసికొనవలెను. ఆ వేళకు అరగంట ముందే పాట ఆరంభింపవలెను. కేకలు మొదలైన పిదప పాటయు గోలగానే తోచును. దీపము ముందుగా వెలిగించి, మూలల నీడలు తొలగింపవలెను. ఇంట టెలివిజను ఆపవలెను. చెవిలో గులిమి ఉన్నచో తీయించవలెను. సెల్‌ఫోనులో వినిపించుటకంటె దగ్గర కూర్చుండి, చేయి పట్టుకొని, తెలిసిన గొంతుతో మెల్లగా పాడుట మేలు. ఫోనే దిక్కైనచో నడుమ వ్యాపార ప్రకటనలు రాకుండ చూచుకొనవలెను. అరగంట చాలును, రోజంతయు మ్రోగించినచో అది పాటగా ఉండదు. అన్నిటికంటె ముఖ్యముగా ముఖము చూడవలెను. వ్రేళ్లు తాళము వేసినచో, పెదవులు కదలినచో, పాట తగినది. కంట తడిపెట్టిన వెంటనే భయపడనక్కరలేదు, కొందరికి ఆ తడి హాయి. కాని ముఖము ముడుచుకొన్నచో, లేచిపోజూచినచో, వెంటనే ఆపవలెను. భర్త పోయిన ఆమెకు పెండ్లిపాట గాయమును రేపవచ్చును. అట్టి పాటలను గురుతుపెట్టుకొని మరల పాడరాదు.

ఇప్పుడు ఆ ఇంటికి మరల పోయి చూడవలెను. ప్రొద్దు వాలకముందే కోడలు దీపము పెట్టినది. మంచినీళ్లిచ్చి, ముసలమ్మను పెరటికి తీసికొనిపోయి తెచ్చినది. బీరకాయలు ముందర పెట్టుకొని కూర్చుండి, బతుకమ్మ పాట ఎత్తుకొన్నది. ముసలమ్మ లేచి గుమ్మము చూచినది. "నేను మా ఇంటికి పోత" అన్నది. కోడలు ఈమారు కాదనలేదు. "మీ అవ్వగారింట్ల ఏం పాట పాడుతుండె అత్తమ్మా?" అని అడిగి, పాట సాగించినది. ఆమె పోగోరుచున్న ఇల్లు ఏబది అరువది యేండ్ల క్రిందటి పుట్టిల్లు. ఆ ఇంటికి దారి ఏ గుమ్మమునుండియు లేదు; పాటలోనుండి కొంత కలదు. ముసలమ్మ కూర్చున్నది. రెండవ చరణమున చప్పట్లు కలిపినది. మరునాడు ఇట్లే జరుగునని చెప్పుటకు వీలులేదు. ఒక్కొక్క సాయంత్రము పాట ఓడిపోవును. కాని నెలలో పది సాయంత్రములు గెలిచినను ఆ ఇంట పదిరాత్రుల నిద్ర మిగులును. కోడలికి అత్తమీద కసి పెరుగక, జాలి మిగులును. పెక్కిండ్లలో ఈ భారమంతయు ఒక్క స్త్రీ భుజములపై పడుచున్నది. కొడుకులును వంతు తీసికొనవలెను. పాడరాని కొడుకు ప్రక్కన కూర్చుండి తాళమైనను వేయవచ్చును. దిక్కుతోచనపుడు సలహా కొరకు, 2021లో దేశమంతట ఆరంభమైన వృద్ధుల సహాయవాణి 14567 కలదు.

ఇందు ఒక చిక్కు కలదు. ఆ ముసలమ్మ పాట ఏదో కోడలికి ఎట్లు తెలియును? రోగము ముదిరిన పిదప అడిగినచో ఆమె చెప్పలేదు. కొడుకులకు తండ్రి అప్పులు తెలియును, పొలము హద్దులు తెలియును; తల్లి ఏ పాటకు చప్పట్లు కొట్టెడిదో తెలియదు. తెలిసిన చెలికత్తెలు ఒక్కరొక్కరే వెడలిపోవుచున్నారు. నాట్లపాట యంత్రముతో పోయినది, మోటపాట మోటతో పోయినది. ఆ పాటలు వ్రాసిన పుస్తకము ఏ బీరువాలోను లేదు.

గ్రంథాలయము చేయదగిన పని ఇక్కడ మొదలగును. ఒక దళసరి పుస్తకము కొని, అరువది దాటిన ప్రతి మనిషికిని ఒక పుట కేటాయింపవచ్చును. పుట్టిన ఊరు, ఇంటిలో పిలిచెడి పేరు, చిన్ననాడు చేసిన పని, ఇష్టమైన పాటలు పది, వినగూడని పాటలు ఏవైన ఉన్న అవియును. బడిపిల్లలు ఆదివారము ఇంటింటికి పోయి వ్రాసికొని రావచ్చును. అనుమతి ఇచ్చినవారి గొంతును ఫోనులో పట్టి భద్రపరుపవచ్చును. ఆరోగ్యము చక్కగా ఉన్నపుడే చెప్పించుకొనుట ముఖ్యము. ఆ పుట ఆ ఇంటివారిది. వారి ఇష్టము లేక ఇతరులకు చూపరాదు. ఎన్నడో ఒక సాయంత్రము ఆ మనిషి గుమ్మము పట్టుకొని "మా ఇంటికి పోత" అన్నపుడు, ఇంటివారు వచ్చి ఆ పుట తెరతురు.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయము పాఠకులకు ఇతరుల పుస్తకములను అందించినది. రాబోవు ఇరువదియైదేండ్లకు ఊరివారే చెప్పిన ఒక పుస్తకము దాని బీరువాలో చేరవలెను. అందు మొదటి పుట నేడు సభలో ముందువరుసన కూర్చున్న పెద్దలతో ఆరంభింపవచ్చును. కలము, కాగితము సిద్ధముగా ఉన్నవి, అడుగువారు కావలెను.